రంగు పోయిన నీళ్లు

తమ్మీ,

ఈరోజు పెత్రమాస, పోయినోళ్లకు బియ్యమిచ్చే అమావాస్య. నీ పేరున బియ్యం ఇచ్చి, పద్మనగర్‌లోని నీ డైయింగ్ షెడ్డుకు వెళ్లాను. అద్దకం నీళ్లను కరెంటుతో శుభ్రం చేస్తానని నువ్వు లోహపు ఆక్సైడు పూసిన ప్లేట్లు తెచ్చినప్పుడు, వజ్రపు పూత ప్లేట్లే మేలని చదివి చెప్పాను. మరమగ్గాల సాంచాలు నడిపేవాళ్లందరి ముందు నువ్వేమన్నావు?

"నా పెండ్లాం ముక్కుపుల్లకే వజ్రం లేదు, మోరీ నీళ్లకు పెట్టాల్నా అన్నా?"

అందరూ నవ్వారు. నీ ప్లేట్లతో ఎర్రటి నీళ్లు చూస్తుండగానే తేటపడ్డాయి. నువ్వు గెలిచావు. నేను మరిచిపోలేదు.

కెమిస్ట్రీ చదివిన నీ బిడ్డ రజిత ఇవాళ రెండు రకాల ప్లేట్లతో శుభ్రం చేసిన నీళ్లను రెండు గ్లాసుల్లో పెట్టింది. రెండూ తేటగానే ఉన్నాయి. రెండింట్లోనూ గులాబీ రంగు పర్మాంగనేట్ చుక్కలు వేసింది. మురికి మిగిలి ఉంటే ఆ గులాబీని తినేస్తుంది. కాసేపటికి నీ ప్లేటు నీళ్లలో గులాబీ మాయమైంది. వజ్రపు ప్లేటు నీళ్లలో నిలిచింది.

"బాపు ప్లేటు నీళ్లల్ల ఉన్న ఉప్పుతోని క్లోరిన్ పుట్టిచ్చి రంగును ఇరగ్గొడ్తది, పెద్దబాపూ. మురికి గట్లనే ఉంటది. వజ్రం మురికినే కాలుస్తది," అంది. తర్వాత మెల్లగా అడిగింది, "బాపు ఉంటే ఒప్పుకునేటోడా?"

"యాడ ఒప్పుకుంటడు? చుక్కలే నకిలీవంటడు," అన్నాను.

గులాబీ నిలిచిన గ్లాసు తెచ్చి నీ ఫోటో ముందు పెట్టాను. సాయంత్రమైంది, గులాబీ అలాగే ఉంది. నకిలీవని అనరా, తమ్మీ. వింటాను.