ఒకటో నంబరు బడి

అక్కా,

మా అమ్మాయికి మీ బడిలో సీటొచ్చిందని వినగానే "మా బడికే ఒకటో నంబరు వేశారా!" అని ఫోన్లో తెగ మురిసిపోయావు. అసలు సంగతి నోటితో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

దరఖాస్తు నింపింది మీ మరిది. పొద్దస్తమానం పిల్లల పేపర్లు దిద్దే మహానుభావుడు కదా, ఇష్టాన్ని బట్టి బడులకు వరుస నంబర్లు వేయమంటే మార్కులు వేసి వచ్చారు! బాగా నచ్చిన బడికి ఐదు, అసలొద్దనుకున్న బడికి ఒకటి. పైగా "ఎక్కువొస్తేనే కదా గొప్ప" అని నామీదే ఎగురుతున్నారు. నెత్తి బాదుకోవడం ఒక్కటే తక్కువ.

బడి మార్చమని ఆఫీసుకెళ్తే, సీటిచ్చిన బడి హెడ్మిస్ట్రెస్ సంతకం తెమ్మన్నారు. అంటే నీదే. అర్జీ ఇందులోనే పెట్టాను. మీ బడి ఎందుకొద్దో రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను. నీ మనసు నొచ్చుకోని కారణమేదో నువ్వే రాసి, సంతకం పెట్టక్కా.

నీ చెల్లి