మొదటి ఈల

శుక్రవారం రాత్రి

ఇవాళ శ్రీకాకుళంలో బావతో, మేమిద్దరం మొదట్నుంచీ చూస్తున్న ఆ సినిమా సిరీస్ కొత్త పార్ట్ చూశాను. హీరో ఎంట్రీకి మొదటి ఈల ఎప్పుడూ బావదే. ఈసారి రెండు వేళ్లు నోట్లో పెట్టుకుంటే గాలే వచ్చింది, వెనకాలే దగ్గు.

"నువ్వెయ్యిరా," అన్నాడు.

వేశాను. హాలంతా అందుకుంది.

మేడ మీంచి పడ్డ హీరో దుమ్ము దులుపుకుని లేచాడు. పక్కన బావ దగ్గుతున్నా ఆ ఫైట్ నాకు భలే నచ్చింది, అదీ నిజమే.

చివర్లో పేర్లు పడ్డాక తర్వాతి పార్ట్ ముక్క ఒకటి చూపిస్తారు. అది చూడనిదే బావ ఏనాడూ సీటు వదల్లేదు. ఇవాళ ముందే లేచాడు.

బావ ఊపిరితిత్తుల గురించి డాక్టరు చెప్పిన మాట అక్కకింకా తెలీదు. ఇంటికొచ్చాక అన్నం వడ్డిస్తూ అడిగింది, "మళ్లీ ఇంకోటి వస్తాదేటి?"

"వస్తాది," అన్నాడు బావ. "నీ తమ్ముడు సూస్తాడు."