మకరోనీలో గుమ్మడి గుజ్జు

అత్తగారూ,

ఫెర్రీకి వేళయింది. పాప టెగన్ బడి నుంచి వచ్చాక మీరేమీ వండిపెట్టవద్దు. మీ గుమ్మడికాయకు హోబార్ట్ వ్యవసాయ ప్రదర్శనలో బహుమతి వచ్చి ఉండవచ్చు. అంతమాత్రాన దాన్ని ఉడికించి, మెదిపి, పాప చీజ్ మకరోనీలో దాచే హక్కు మీకు రాలేదు. రంగు కలిసిపోయింది, కానీ పాప నాలుక కనిపెట్టేసింది.

“అమ్మా, నానమ్మ ఇందులో అబద్ధం పెట్టింది,” అంది.

“ఆటిజం గీటిజం ఏం లేదమ్మాయ్, ఆకలేస్తే అదే తింటుంది,” అన్నారు మీరు.

నిన్న లంచ్ బాక్సులో ఉత్త మకరోనీ కూడా ముట్టకుండా తిరిగొచ్చింది. పాప నమ్మి తినేవే నాలుగు; వాటిలో ఒకటి మీరు లాక్కున్నారు. మేలు కోరి చేసిన వంచన వంచన కాదని ఎంత ఆలోచించినా ఒప్పుకోలేకపోతున్నాను.

హేజల్

ఫ్రిజ్‌లో పచ్చి క్యారెట్లున్నాయి. కరకరలాడితే కూరగాయలూ తింటుంది, ఉడికించకండి. ముందు పాప ఎదుట మీరొకటి కొరకండి.