యూదా బొమ్మ వీలునామా

మార్చి 5, 2024. మంగళవారం, ఉదయం

మా దేశానికి అధ్యక్షుడిగా చేసిన ఆయన పోయి నేటికి పదకొండేళ్లు. టీవీ పొద్దున ఆరింటికే మొదలుపెట్టింది. ఏ చానల్ తిప్పినా అదే ఎర్ర టోపీ, అదే నవ్వు. అక్క నెవిస్ మా సాన్ బెనితో స్వామి పక్కన ఆయన ఫోటో పెట్టి కొవ్వొత్తి వెలిగించింది. కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళు ఆయనే ఇచ్చాడంటుంది. తొమ్మిదింటికి కరెంటు పోయింది. ఆయన మాట సగంలో ఆగిపోయింది. నేను పకపకా నవ్వాను. అక్క నా కాఫీలో పంచదార వేయలేదు.

అరవై మూడేళ్లు వచ్చాయి. నాకు ఒకే ఒక్క కోరిక మిగిలింది. ఈ ఈస్టరుకు ఆయన్ని కాల్చాలి.

ఏటా ఈస్టర్ ఆదివారం మా వీధిలో, క్రీస్తును పట్టిచ్చిన యూదా బొమ్మను తగలబెడతాం. యూదా పేరుకే. ఆ ఏడు మమ్మల్ని ఎక్కువ ఏడిపించిన పెద్దమనిషి ఎవరో, బొమ్మకు ఆ ముఖమే పెడతాం. కాల్చేముందు బొమ్మ వీలునామా చదువుతాం: ఫలానా ఇంటికి ఫలానాది వదిలిపోతున్నాను అని. ఆరేళ్లుగా అది రాసేది నేనే. మేయరును కాల్చాం. కరెంటు మంత్రిని రెండుసార్లు కాల్చాం. పెట్రోలు క్యూలో లంచం పట్టే సార్జెంటును కాల్చాం. అసలు మనిషిని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. చచ్చినవాడని ఒకరు, పాపమని ఒకరు, పోలీసులని ఒకరు.

వీలునామా అసలు చచ్చినవాడికే కదా ఉండాల్సింది.

మార్చి 7

పక్కింటి రిగోబెర్తోకు చెప్పాను. స్తంభం పాతేదీ, నిప్పు పెట్టేదీ అతనే. ముందు తలుపు మూశాడు. తర్వాత కిటికీ కూడా మూశాడు. ఫోన్లో ఎవడో జోకు పంపితేనే లోపలేశారట, ఇది చేస్తే తన ఫ్యాన్ల రిపేరు కొట్టు ఎవరు చూస్తారని అడిగాడు. పేరు రాయనని మాటిచ్చాను. టోపీ పెడితే చాలు, పేరెందుకు.

తర్వాత అసలు మాట బయటపెట్టాడు. ఆయన బతికుంటే ఇలా అయ్యేది కాదట. పాడుచేసింది తర్వాత వచ్చినవాడట. నాకు ఒళ్లు మండిపోయింది. పదకొండుమంది పనిచేసే నీ పడవ ఇంజన్ల వర్క్‌షాపు గేటుకు ఎర్ర జెండా కట్టి, ఇక ఇది ప్రజలది అన్నది తర్వాత వచ్చినవాడా అని అడిగాను. చాలాసేపు స్క్రూడ్రైవరుతో గోరు గీక్కున్నాడు. స్తంభం ఎంత ఎత్తు కావాలన్నాడు.

ఒక్కటే చిక్కు. బొమ్మను కుట్టేది మా అక్క. కరెంటు మంత్రే, మూడోసారి, అని చెప్పాను. నమ్మింది.

మార్చి 10, ఆదివారం

వీలునామాకు ఒకటే నియమం. ఆ ఇంటికి నిజంగా వచ్చిందే రాయాలి. అబద్ధం రాస్తే ఎవరూ నవ్వరు. అందుకే ఇల్లిల్లూ తిరుగుతున్నాను.

పదమూడో నంబరు ఇంట్లో ఆయన కాలంలో చవగ్గా ఇచ్చిన చైనా వాషింగ్ మెషిన్ ఉంది. కుళాయిలో నీళ్లు రాక ఆరేళ్లయింది, అందులో కోడి గుడ్లు పెడుతోంది. మూలింటి కవలలు ఆయన తెరిచిన కాలేజీలో డాక్టరు పట్టాలు తీసుకున్నారు. ఇద్దరూ లీమాలో సైకిలు మీద భోజనం పొట్లాలు మోస్తున్నారు. నా పెన్ను ఆగడం లేదు.

ఆగింది ఒక్కచోట. ముసలి బెలెనమ్మ నవ్వలేదు, నన్నూ నవ్వనివ్వలేదు. ఆయన ఏలిన ఆ పదేళ్లూ తన పిల్లలు రోజూ మాంసం తిన్నారని చెప్పింది. అంతకుముందు కంపెనీ కాలనీ క్లబ్బు నుంచి వచ్చే వాసన మాత్రమే తిన్నారట. అది చెప్పేటప్పుడు నా ముఖంలోకే చూసింది. ఎందుకో నాకు తెలుసు. ఆ కాలనీలో నేనుండేదాన్ని.

పంతొమ్మిదేళ్లు. ఆయిల్ కంపెనీ ల్యాబులో క్రూడ్ పరీక్ష చేసేదాన్ని. నీరెంత, ఉప్పెంత, గంధకమెంత. సీసా ఎత్తి వెలుగులో చూస్తే చాలు, ఏ బావిదో చెప్పేదాన్ని. మేం సమ్మె చేశాం. ఆయన టీవీలో ఆటలో రిఫరీలా విజిల్ ఊది పెద్ద అధికారుల ఉద్యోగాలు పీకాడు, ఆనక మమ్మల్నందరినీ ఊడ్చేశాడు. 2003లో పేపర్లో, తీసేసినవాళ్ల జాబితాలో నా పేరు చూసుకున్నాను. సెప్టెంబరులో సైనికులొచ్చి క్వార్టరు ఖాళీ చేయించారు. నేను పట్టుకొచ్చింది యూనిఫాం చొక్కా ఒక్కటే. జేబు మీద ఎర్ర దారంతో ఇ. చౌరియో అని నా పేరు. ఇరవై ఏళ్లుగా ప్లాస్టిక్ కవరులో, అల్మరాలో, ఇస్త్రీ చెడకుండా ఉంది. పిలుస్తారనుకున్నాను మొదట్లో. ఇప్పుడు అనుకోను. అయినా ఇస్త్రీ చేస్తాను.

ఆయన చేసింది ఏమిటో పిల్లలకు అర్థమయ్యేలా చెప్పగలను. ఆవుకు దాణా మానేసి, ఆ దాణా సొమ్ముతో వీధంతా పాయసం పంచాడు. తిన్నవాళ్లు తీపి గుర్తు చేసుకుంటారు. ఆవు సంగతి అడిగేవాళ్లం ఇరవై వేల మందిమి, మమ్మల్ని ముందే గెంటేశాడు.

బెలెనమ్మకు ఏం రాయాలో చివరికి దొరికింది. మాంసం రుచి. నాలుక మీద ఎంతకాలం నిలిస్తే అంతకాలం.

మార్చి 14

గ్యాస్ రాలేదు, కట్టెల మీదే వంట. మా ఊరి సరస్సు మధ్యలో, చమురు బావుల మీద మాత్రం గ్యాస్ ఊరికే మండిపోతూ ఆకాశాన్ని ఎర్రగా చేస్తోంది.

మార్చి 17, ఆదివారం, మధ్యాహ్నం

అందరివీ రాశాను. అక్కది మిగిలింది.

వదిలేస్తే వీధి ఊరుకోదు. రాసేదాని ఇంటిని వదిలేస్తే అది వీలునామాయే కాదంటారు.

అక్కకు రెండు కళ్ళలోనూ శుక్లాలు కమ్మాయి. పుట్టుగుడ్డి కాదు, నలభై ఐదేళ్లకు మొదలై యాభై దాటేసరికి గోడ పట్టుకుని నడిచేది. 2005లో ఆయన ప్రభుత్వంవాళ్లు విమానమెక్కించి ఆపరేషనుకు క్యూబా తీసుకెళ్లారు. పైసా అడగలేదు. తిరిగొచ్చి నన్ను చూసి, ముసలిదానివయ్యావే అంది. తర్వాత ఆయన పెట్టిన రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంది. బస్సులో కూర్చుని దారిలోని ప్రతి బోర్డూ గట్టిగా చదివేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

నన్ను క్వార్టరు నుంచి వెళ్లగొట్టినప్పుడు చేర్చుకున్నది ఈ అక్కే. అప్పటికి కళ్ళు లేవు. నా ముఖం తడిమి, లోపలికి రా అంది. అది నేను మరిచిపోలేదు. కానీ ఆ ఫోటో ముందు ఆ కొవ్వొత్తి! నా బతుకు తీసినవాడికి నా కళ్ళ ముందే, ఇరవై ఏళ్లుగా.

మూడింటికి వాక్యం తట్టింది.

"నెవిస్‌కు రెండు కళ్ళు. ఈ వీధిని చూసుకుంటూ కూర్చోమని."

రాసి, రెండుసార్లు చదివి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. సిగ్గు పడాలేమో. పడలేదు. ఇరవై ఏళ్లలో ఇంత హాయి ఎరగను.

మార్చి 23, శనివారం

అక్క అరుగు మీద బొమ్మ కుడుతోంది. లోపల ఎండు అరటాకులు, పాత పేపర్లు కూరుతోంది. వీధిలో ఎవరూ పాత బట్టలివ్వలేదట. ఇప్పుడు పాత బట్టలంటే కట్టుకునే బట్టలే. నన్నూ అడిగింది. నా దగ్గరేం లేవన్నాను. అల్మరా వైపు ఒకసారి చూసి సూదిలోకి దారం ఎక్కించుకుంది. కళ్ళజోడు లేకుండా, ఒక్క ప్రయత్నంలో.

మంత్రి భుజాలు ఎంత వెడల్పు అని అడిగింది. బాగా వెడల్పన్నాను. నుదుటి మీద పుట్టుమచ్చ పెట్టాలా అని అడిగింది.

మంత్రికి పుట్టుమచ్చ లేదు, ఆయనకుంది. నేను విననట్టు లోపలికి వచ్చేశాను.

మార్చి 29, గుడ్ ఫ్రైడే

చేప దొరికింది, కొంచెమే. అక్క బొప్పాయి పాకం చేసింది. గుడికి వెళ్లి రెండు గంటలుంది. ఆ సమయంలో వీలునామా మళ్లీ చదువుకుందామని పరుపు కింద నుంచి తీశాను. నేను కాగితాన్ని నిలువుగా మడుస్తాను. అది అడ్డంగా మడిచి ఉంది.

ఈ ఇంట్లో ఇంకొకరికి చదవడం వచ్చు. అది మరిచిపోయాను. యాభై ఏళ్లదాకా చదువు రాని మనిషికి ఎప్పటికీ రాదన్నట్టే కాగితాలు పడేస్తుంటాను. చదవడం నేర్పింది కూడా ఆయనే కదా, ఆయన బొంద.

సాయంత్రం అక్క నా గిన్నెలో పాకం మామూలుకంటే ఎక్కువ వడ్డించింది.

మార్చి 30

అక్క బొమ్మను తన గదిలో పెట్టుకుని తలుపు గడియ వేసింది. అదే భయంగా ఉంది.

మార్చి 31, ఈస్టర్. ఇంటికి రాగానే

వరుసలో రాస్తాను. లేకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చుకుంటాను.

ఐదున్నరకు వీధంతా చేరింది. బొమ్మను దుప్పటి కప్పి తెచ్చి రిగోబెర్తో స్తంభానికి కట్టాడు. దుప్పటి తీయొద్దు, చదివాక తీయాలి అంది అక్క. పుట్టుమచ్చ అడిగిన మనిషి టోపీ కూడా పెట్టే ఉంటుందనుకున్నాను, దాన్ని చివర్లో చూపిస్తే బాగా పేలుతుందని నేనూ సరేనన్నాను. చదివాను. వాషింగ్ మెషినుకు నవ్వారు. కవలల తల్లి నవ్వుతూ ఏడ్చింది. "రిగోబెర్తోకు గేటు తాళం, గేటు లేదు కనుక" అన్నప్పుడు అతనే ముందు చప్పట్లు కొట్టాడు. "వీధి మొత్తానికి నల్లటి సరస్సు, గట్టుదాకా ఉచితం" అన్నప్పుడు ఈల వేశారు. అక్క వాక్యం దగ్గరా ఆగలేదు. చక్కగా, గట్టిగా చదివాను. నవ్వు వచ్చింది, కానీ సగంలో ఆగింది. అందరూ అక్క వైపు చూశారు.

అక్క వెళ్లి దుప్పటి లాగింది.

ఎర్ర టోపీ లేదు. పుట్టుమచ్చ లేదు. బొమ్మకు నా చొక్కా తొడిగి ఉంది. ఇస్త్రీ చెడలేదు. తలకు బూడిదరంగు దారంతో నా జడ.

అక్క బడి నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం తీసింది. కళ్ళకు దగ్గరగా పట్టుకోకుండా, చేయి చాచి చదివింది.

"నా చెల్లెలు ఎగ్లేకి కంచె వదిలిపోతున్నాను."

కాగితం మడిచి, మామూలుగా, కూరలు బేరమాడే గొంతుతో నాతో అంది:

"ఆ కాలనీలోకి బట్టలుతకడానికి రానిచ్చారు నన్ను. నీ ఇంటికి రావాలంటే మాత్రం గేటు దగ్గర పేరుండాలన్నారు. నా కళ్ళు పోతున్నాయని నీకు తెలుసు. లోపల ఆసుపత్రి ఉందని నాకు తెలుసు. ఒక్క సంతకమే, ఎగ్లే. ఆయన నా పేరు అడిగి రాయించాడు. నువ్వు రాయలేదు."

అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది.

రిగోబెర్తో నా చేతిలోంచి తీసుకోబోయాడు. ఇవ్వలేదు. నేనే గీశాను. ఎందుకో అడగను నన్ను నేను. అరటాకులు వెంటనే అంటుకున్నాయి. చొక్కా మంచి నూలు, కంపెనీ మంచిదే ఇచ్చేది, నెమ్మదిగా కాలింది. లోపల పెట్టిన టపాకాయలు పేలాయి. అక్క నా పక్కనే నిలబడి, బూడిదయ్యేదాకా రెప్ప వేయకుండా చూసింది.

ఇప్పుడు ఒక్క విషయం. ఆ కంపెనీలో ప్రతి జనవరీ ఒక కాగితం ఇచ్చేవారు. మీ మీద ఆధారపడినవాళ్ల పేర్లు రాయండి, వైద్యం కంపెనీది. రెండు గళ్లు. అప్పటికి అమ్మా నాన్నా లేరు. నాకు పెళ్లి కాలేదు. పిల్లలు లేరు. పంతొమ్మిదేళ్లూ రెండు గళ్లూ ఖాళీగా పంపాను. చాకలి పనిచేసే అక్క ఉందని అక్కడెవరికీ తెలియకూడదని.

ఆయన మీద కోపం ఆవగింజంతైనా తగ్గలేదు. ఆ బావులను ఆయనే చంపాడు, సరస్సు నల్లబడింది ఆయన వల్లే, ఇది నేను చచ్చేదాకా అంటాను. కానీ అక్క కళ్ళ గురించి ఇక మాట్లాడే హక్కు నాకు లేదు. అది ఆయనే లాగేసుకున్నాడు, నేనే ఇచ్చాను.

ఏప్రిల్ 1

అక్క కాఫీ ఇచ్చింది, పంచదార వేసింది. సాన్ బెనితో ముందు, ఆయన ఫోటో కింద, చిన్న గుడ్డపీలిక ఉంది. ఇ. చౌరియో. కాల్చేముందే జేబు మీద నుంచి ఒక్క దారం తెగకుండా విప్పి తీసింది. తీసుకోబోతే చేయి అడ్డం పెట్టింది.

ఉండనివ్వు, వచ్చే ఏటి బొమ్మకు కావాలేమో చూద్దాం అంది.