షూటింగ్‌లో చెప్పిన పేరు

గురువారం రాత్రి, షార్జా

ఈరోజు ఉమ్ అల్ క్వైన్ మడ అడవుల్లో షూటింగ్. చిన్న బడ్జెట్ దెయ్యాల సినిమా కాబట్టి బట్టలు కుట్టేదీ నేనే, తొడిగేదీ నేనే. నార్వే పల్లెల్లో చెప్పుకునే కథట. పేరు పెట్టకముందే పోయిన పసిబిడ్డ ఏడుస్తూ తిరుగుతుంది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే శాంతిస్తుంది.

ఏం పేరో స్క్రిప్టులో రాసుకోలేదు. "యల్లా, త్వరగా, ఎవరైనా ఒక పేరు చెప్పండి," అన్నాడు డైరెక్టర్.

"మేఘ," అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చేసిందో తెలియదు. తల్లి వేషం వేసినావిడ "మెగా" అంటుంటే, పక్కన కూర్చుని సరిచేశాను కూడా. ఆరు టేకులు పిలిచింది.

రెండేళ్ల క్రితం ఏడో నెలలో, కడుపులోనే పోయిన మా పాపకి నేను అనుకున్న పేరది. ఒక్కసారి కూడా పైకి అనలేదు.

సాయంత్రం కారులో వస్తూ మా ఆయనకి చెప్పాను.

"సినిమావాళ్లకి చెప్పావు. నాకు చెప్పలేదేం?"

"మీరు బాధపడతారని..."

"నేను ఇన్నాళ్లూ పాప అనే అనుకుంటున్నా. ఇంకేమనాలో తెలీక."

ఇంటికొచ్చాక అన్నం వద్దన్నారు. ఇప్పుడు బాల్కనీలో ఒక్కరే నిలబడ్డారు. పక్కకి వెళ్లాలని లేచాను. అద్దం తలుపులోంచి చూస్తే ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆ పేరే అనుకుంటా, పలికి చూసుకుంటున్నారు.

వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఆయన పిలవడం అయ్యాక వెళ్తాను...