పడవలో మామ అన్న మాట

నోంగ్ ఖియావ్,
ఫిబ్రవరి నెలాఖరు.

మణివన్‌కు,

వియంతియాన్‌లో ఎండలు అప్పుడే మొదలయ్యాయని విన్నాను. కుట్టుమిషను దగ్గర గంటలకొద్దీ కూర్చున్నా నీ నడుము నిలకడగా ఉందని, వేళకు తింటున్నావని తలుస్తాను. ఇక్కడ పాప ఫాయ్‌లిన్, నేను కులాసా. మీ నాన్న సంగతి కింద రాస్తాను. ముందే అక్కడికి పోకుండా వరసగా చదువు.

ఫోనులో అడిగిన ప్రతిసారీ మాట మారుస్తున్నానని ఈసారి ఉత్తరం రాసి అడిగావు. మంచి పని చేశావు. ఫోనులో నీ గొంతు వింటే నా నోటికి అబద్ధమే వస్తోంది.

ఫాయ్‌లిన్‌కు పై పన్ను ఊడింది. నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. నువ్వు పంపిన నీలం లంగా పొడవైతే పక్కింటి పెద్దమ్మ మడిచి కుట్టిపెట్టింది. నదిలో పాచి ఈ ఏడు బాగా పెరిగింది. నువ్వులు చల్లి ఎండబెట్టిన పాచి అప్పడాలు రెండు కట్టలు ఈ ఉత్తరంతోపాటే బస్సులో పంపుతున్నాను, నీ గదిలోవాళ్లకు కూడా పెట్టు. వంటింటి కప్పు కారుతోందా అని అడిగావు. వానలే లేవు, ఎలా కారుతుంది?

ఇక నీ అసలు ప్రశ్న. "మంచు పడే నెలలో నాన్న వల ముట్టుకోడు కదా, తెల్లారకుండా నదికి ఎందుకు వెళ్లాడు?" అని. నిజమే, మీ అమ్మ పోయిన దగ్గర్నుంచి ఎండెక్కితే గాని ఆయన పడవ విప్పడు. రేవు మెట్ల మీద జారాడని నీతో చెప్పాను. అది అబద్ధం.

జనవరిలో ఐదుగురు విదేశీయులు వచ్చారు, వాళ్లకి నేనే గైడుని. అందరివీ మోచేయంత కెమెరాలు. మంచులో పడవ, పడవలో ముసలాయన, గాలిలో గుండ్రంగా విచ్చుకున్న వల, అలాంటి ఫోటో కావాలన్నారు. అలాంటి మనిషి దొరుకుతాడా అని అడిగితే, "మా ఇంట్లోనే ఉన్నాడు" అన్నాను.

మామతో చెబితే నవ్వాడు. "మంచులో చేపలు అడుక్కి పోతాయిరా. వల వేస్తే నీళ్లొస్తాయి."

"చేపలక్కర్లేదు మామా, వల విచ్చుకుంటే చాలట."

"చేపలక్కర్లేని వాళ్లకి వలెందుకు? నా దుప్పటి విసురుతా, తీసుకోమను!"

అన్నాడే గాని, పండక్కి తొడిగే నీలిమందు చొక్కా తనే పెట్టెలోంచి తీసుకున్నాడు. వెదురు టోపీ పెట్టుకోమంటే మాత్రం, "సూర్యుడే లేడు, టోపీ ఎవరికి?" అని గొణిగాడు. మొదటి రోజు అంతా సరదాగా జరిగింది. కెమెరా వెనక చిన్న తెరలో తన బొమ్మ చూసుకుని, "పొట్ట కనబడుతోందేంట్రా" అని సిగ్గుపడ్డాడు.

రెండో రోజు మంచు ఇంకా దట్టంగా ఉంది. వాళ్లు ఇసుకతిన్నె మీద నిలబడ్డారు. ఫోటోలో పడకుండా నేను పడవ వెనక వంగి తెడ్డు పట్టుకున్నాను. మామ వల విసరడం, లాగడం, మళ్లీ విసరడం. తడిసిన వల ఎంత బరువో నీకు తెలుసు. పదకొండోసారి లాగాక వాళ్ల వైపు వీపు పెట్టి నాతో అన్నాడు: "చాలురా అల్లుడా. భుజం పట్టేసింది. ఒడ్డుకి పోనీ."

"ఏమంటున్నాడు?" అని తిన్నె మీంచి అరిచారు.

మణివన్, ఇక్కడిదాకా రాసి లేచి, పని లేకపోయినా పొయ్యి రాజేసి వచ్చాను.

"ఇంకోసారి వేస్తాను, ఈసారి ఇంకా బాగా వస్తుంది అంటున్నాడు" అని వాళ్ల భాషలో చెప్పాను. వాళ్లు చప్పట్లు కొట్టారు. మామ వైపు తిరిగి, "ఒక్కసారి మామా, వాళ్లకింకా కుదర్లేదట" అన్నాను. ఎందుకలా చెప్పానని నువ్వు అడుగుతావు. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. 'నీలాంటి గైడు ఈ దేశంలో దొరకడు' అని ముందురోజు వాళ్లు నాతో అంటే ఆ మాట తియ్యగా ఉండిపోయింది నాకు.

పన్నెండోసారి వల నీళ్లలోకి పోయింది, మణికట్టుకు కట్టిన తాడుతో పాటు మనిషీ పడ్డాడు. భుజం పడవ అంచుకు తగిలిన చప్పుడు విన్నాను. నేను దూకాను. మామ తల నీళ్లపైకి ఎత్తి పట్టుకున్నప్పుడు కూడా ఒడ్డున కెమెరాల చప్పుడు ఆగలేదు. తర్వాత ఒకావిడ కెమెరా ఇసుకలో పారేసి, నడుంలోతు నీళ్లలోకి నడిచొచ్చి నాతోపాటు ఆయన్ని మోసింది.

భుజం ఎముక చిట్లింది. వాపు తగ్గుతోందని నీతో చెప్పానే, అదీ పూర్తి నిజం కాదు. ఆ చెయ్యి ఇక భుజం దాటి లేవదని డాక్టరు చెప్పాడు.

దెబ్బకి ఒంట్లోంచి చెదిరిన ప్రాణాలు తిరిగి రావాలని, ఆనవాయితీ ప్రకారం ఊరంతా వచ్చి ఆయన మణికట్టుకు తెల్లదారాలు కట్టారు. నేనూ కట్టాను. వచ్చినవాళ్లందరితో మామ ఒకటే మాట: "పాపం, వాళ్లకి మన భాష రాదు కదా. నేను చాలన్నా వాళ్లకెలా తెలుస్తుంది? అల్లుడు దూకబట్టి బతికాను." నా తల నిమిరి ఆశీర్వదించాడు.

నిన్న పొద్దున ఆయన ఎడం చేత్తో బుట్టలోంచి అన్నం తీసి ముద్ద చేసుకుంటుంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను.

"నేనేమన్నానని వాళ్లు అడిగారా?"

"అడిగారు మామా."

"నువ్వేం చెప్పావు?"

చెప్పాను. ముద్ద బుట్టలో పెట్టేశాడు. "వాళ్లకి భాష రాదనుకున్నా. నీకే రాదన్నమాట" అన్నాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిన్నంతా పాప పెడితేనే తిన్నాడు.

ఇవాళ పొద్దున తనే పిలిచాడు. "మణికి రాస్తున్నావా? నేను చెప్పేది కూడా రాయి. నీ మాట ఒక్కటి కలిపినా ఊరుకోను. ఫాయ్‌లిన్ చేత చదివించుకుంటా." చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"మణీ, కుడిచెయ్యి ఇక లేవదు. ఏడవకు, ఎడమది ఉంది. నీ మొగుడి మీద నాకు చాలా కోపంగా ఉంది. ఎన్నాళ్లుంటుందో తెలీదు. ఇంట్లోంచి పొమ్మనలేదు. పొమ్మనాలనిపిస్తే నువ్వే వచ్చి పొమ్మను. వాడు దూకిన మాట కూడా నిజమే, అదీ గుర్తుపెట్టుకో. ఏప్రిల్లో మన కొత్త సంవత్సరానికి సెలవు ఇవ్వకపోయినా రా."

పాప వేలు పెట్టి కూడబలుక్కుంటూ ఇదంతా పైకి చదివింది. 'మొగుడి మీద' దగ్గర ఆగి నా మొహం చూసింది. "ఆపకు, చదువు" అన్నాడు మామ. చివరిదాకా కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆఁ, అంతే అన్నాను" అన్నాడు.

ఇట్లు,
ఇంకా మీ ఇంట్లోనే ఉన్న నీ భర్త,
సోమ్‌లిత్