గుర్రం గడిలో చేరిన బంటు

వనపర్తి,
14 జూలై 2007.

చెల్లె ముబషిరాకు,

బాలమణక్క సలామూ దీవెనా రెండూ పంపుతోంది, నీకు ఏది కావాలంటే అది తీసుకో. ఇక్కడ మేమంతా బాగున్నాం. వాన మాత్రం మబ్బు చూపించి పోతోంది. మీ గద్వాలలో పడిందా? మీ అమ్మమ్మ, సకీనాబీ నానీ మోకాళ్ల నొప్పులు ఎట్లున్నాయి?

నానీ సంగతి నిన్నడిగి లాభం లేదని తెలుసులే. మీ అన్న యూసుఫ్ మొన్న మోటారు సామాను కోసం ఇక్కడికొచ్చి అంతా చెప్పాడు. నాగర్‌కర్నూల్ పోటీ నుంచి వచ్చాక నువ్వు చదరంగం బోర్డు ముట్టలేదట. నా ఫోనే కాదు, ఎవరి ఫోనూ ఎత్తడం లేదట. నీ పాతకాలపు ఆట నేర్చుకోబట్టే నా ఇజ్జత్ పోయింది అని నానీని ఒక్క మాట అని, అప్పటి నుంచి ఆమెతో మాట్లాడటమే మానేశావట. ఆమె ఏమో, మా అబ్బాజాన్ నాకు నేర్పిందే నీకు నేర్పిన బేటీ, అందరం గట్లనే ఆడేటోళ్లం, పోటీల లెక్క నాకేం తెల్వదు అని ఏడ్చిందట.

వినగానే నీ మీద కోపమొచ్చింది, దాచను. తర్వాత జాలేసింది. ఆ రోజు ఫైనల్లో నీ ఎదురుగా కూర్చున్నది నేనే కదా. నీ బంటు చివరి వరసలో గుర్రం గడికి చేరింది. పోటీల్లో అయితే అక్కడ బంటు బదులు ఏ పావునైనా పెట్టుకోవచ్చు, ఎవరైనా మంత్రినే పెట్టుకుంటారు. మన ఇళ్లల్లో ఆడే ఆటలో మాత్రం బంటు గుర్రం గడిలో చేరితే గుర్రమే, ఏనుగు గడిలో చేరితే ఏనుగే. నువ్వు చెయ్యి అలవాటు కొద్దీ గుర్రాన్ని పెట్టావు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో, ఇది అరుగు మీద ఆట కాదమ్మా, మంత్రిని పెట్టుకునేది ఉండె అన్నారు. నీ ముఖం కందిపోయింది. మళ్లీ బోర్డు వైపు చూడకుండానే నీ రాజును పడుకోబెట్టి ఓటమి ఒప్పుకుని, నాతో చెయ్యి కలిపి వెళ్లిపోయావు.

అట్లా నేను జిల్లా చాంపియన్ అయ్యాను, తల నెరిశాక మొదటిసారి. మా స్కూల్లో హెడ్‌మాస్టర్ దండ వేశాడు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. నేనైతే ఏడవలేదు, వీధంతా మిఠాయి పంచాను.

ఒక్క తప్పుకే ఆట వదిలేస్తారా పిచ్చిదానా? ఎస్తోనియా దేశంలో కెరెస్ అని ఒకాయన ఉండేవాడు. ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే పోటీలో వరుసగా నాలుగుసార్లు రెండో స్థానం దగ్గరే ఆగిపోయాడు. బ్రాన్‌స్టీన్ అయితే చాంపియన్‌తో సరిసమానంగా ముగించాడు. సమమైతే కిరీటం పాతవాడికే అని నియమం, ఉత్త చేతులతో ఇంటికి పోయాడు. రూబిన్‌స్టీన్‌కు చాంపియన్‌తో పోటీ కుదిరిన ఏడాదే ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. వీళ్లెవరూ ఎన్నడూ ప్రపంచ చాంపియన్లు కాలేదు. అయినా వాళ్ల ఆటలు నేను ఈరోజుకీ బోర్డు మీద పేర్చుకుని మురిసిపోతుంటాను. ఆట నేర్పినవాళ్ల మీద వీళ్లు అలిగారని మాత్రం నేనెక్కడా చదవలేదు.

నువ్వు వాళ్లంతటిదానివా అంటే, ఇంకా కాదు. కానీ ఈ జిల్లాలో నాకు చెమటలు పట్టించేది నువ్వొక్కదానివే. నువ్వు మానేస్తే నేనెవరితో ఆడాలి, మా హెడ్‌మాస్టర్‌తోనా? వచ్చే నెల రాష్ట్ర పోటీకి జిల్లా నుంచి ఒక్కరినే పంపుతారు. ఈసారికి నేను పోయి ఓడి వస్తాను. వచ్చే ఏడాది నువ్వు పోవాలి. కోపం తగ్గాక ఒక ముక్క రాయి.

ఇట్లు,
నీ మేలు కోరే
బాలమణక్క

తా.క.: ఉత్తరం మడిచే ముందు ఆ ఆఖరి ఆటను బోర్డు మీద పేర్చాను. మంత్రిని పెట్టి ఉంటే ఎంత సులువుగా గెలిచేదానివో రాసి నిన్ను కొంచెం ఉడికిద్దామనుకున్నాను. పేర్చి చూశాక, నమ్మలేక మళ్లీ మొదటి నుంచి పేర్చాను. నువ్వు మంత్రిని పెట్టి ఉంటే, మరుసటి ఎత్తులోనే నా మంత్రి దిగి నీ ఆట కట్టించేది. నేను కాచుకుని కూర్చున్నది దానికోసమే. నువ్వు గుర్రం పెట్టావు కాబట్టి అది నా రాజుకు చెక్ చెప్పింది. నా రాజు జరగక తప్పదు, జరిగితే ఆ గుర్రమే నా మంత్రిని చంపుతుంది. ఆ తర్వాత నా దగ్గర ఏమీ మిగలదు. నవ్వినవాళ్లు చూడలేదు, నీ చెయ్యి అందుకున్న సంబరంలో నేనూ చూడలేదు. గెలిచిన ఆటను వదిలేసి పోయావు ముబషిరా.

పైన రాసిన ఓదార్పంతా కొట్టేయ్. నేను పోను, రెండో స్థానంలో ఉన్న ముబషిరాను పంపండి అని జిల్లా సంఘం సాయన్న గారికి ఫోన్ చేసి చెప్పేశాను. మళ్లీ ఇట్లాంటి అవకాశం వస్తదా బాలమణీ, జర ఆలోచించుకో అన్నాడాయన. రాదని నాకూ తెలుసు. ఫోన్ పెట్టేశాక కొంచెంసేపు బాధేసింది, అంతే.

నాకు జవాబు తర్వాత రాద్దువు. ముందు లేచి నానీ దగ్గరికి పో. ఆమె నేర్పిన గుర్రమే గెలిచిందని నీ నోటితో చెప్పు.